లినక్స్‌లో ఈఎం7455 మోడెం కార్డు: తప్పు డ్రైవర్‌ది కాదు

కంపెనీలు కొన్నేళ్ళు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్ టీ460, ఎక్స్260 లాంటివి ఇప్పుడు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులోనూ ఆన్‌లైన్‌లోనూ బాగా దొరుకుతున్నాయి. వాటిలో కొన్నిటికి సిమ్ స్లాట్ ఉంటుంది, లోపల సియెర్రా వైర్‌లెస్ వాళ్ళ ఈఎం7455 ఎల్‌టీఈ కార్డు కూడా ఉంటుంది. లినక్స్ వేసి, సిమ్ పెట్టి, మెనూలో మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ నొక్కితే రెండు క్షణాలు తిరిగి ఆరిపోతుంది. అక్కణ్ణుంచి డ్రైవర్ వేట మొదలు. ఆ వేట దండగ. డ్రైవర్ కెర్నల్‌లో ఎప్పటినుంచో ఉంది, పనీ చేస్తోంది. ఆపింది ఎవరో కనుక్కోవడమే అసలు పని.

డయలప్ రోజుల విన్‌మోడెంలతో కుస్తీ పట్టినవాళ్ళకు డ్రైవర్ మీద అనుమానం రావడం సహజమే. అప్పటి కార్డులో సరుకు ఉండేది కాదు. సిగ్నల్‌ని మార్చే పనంతా ప్రాసెసర్ మీద పడేసేవారు, ఆ సాఫ్ట్‌వేర్ విండోస్‌కే ఇచ్చేవారు. ఇప్పటి కార్డు దానికి పూర్తిగా తలకిందులు. ఈఎం7455లో క్వాల్‌కామ్ ఎండీఎం9230 చిప్, దానికి సొంత ఫర్మ్‌వేర్, సొంత మెమరీ ఉన్నాయి. అదో చిన్న కంప్యూటర్. లినక్స్ చేసేదల్లా యూఎస్‌బీ మీదుగా దానికి కబురు పంపడం, జవాబు అందుకోవడం. అందుకే గొడవలు కూడా కార్డు లోపలికే మారాయి.

ఒక మాట ముందే చెప్పాలి. ఆదేశాలు కూడా ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే ఉన్నాయి. టెర్మినల్లో వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. ఏటీ ఆదేశాలు (మోడెంకి నేరుగా ఇచ్చేవి) మాత్రం పెద్ద అక్షరాల్లో కొట్టడం అలవాటు.

మూత తీసి చూడండి

సిమ్ స్లాట్ ఉన్నంత మాత్రాన కార్డు ఉన్నట్టు కాదు. కార్డు లేకపోయినా యాంటెన్నా వైర్లు ఉంటే కొని బిగించుకోవచ్చు. వైర్లు కూడా లేకపోతే ఆ ఆలోచన మానేసి డాంగిల్ కొనుక్కోవడం మేలు. స్క్రీన్ ఫ్రేము చుట్టూ యాంటెన్నాలు తిప్పడం ఇంట్లో కూర్చుని చేసే పని కాదు.

టీ460లో లోపల ఇంకో బ్యాటరీ ఉంటుంది. మూత తీసేముందు బయాస్‌లో కాన్ఫిగ్, పవర్ కింద ఉన్న డిజేబుల్ బిల్ట్-ఇన్ బ్యాటరీ నొక్కండి. కార్డు ఎం.2 సైజుది, 30 మిల్లీమీటర్ల వెడల్పు, 42 పొడవు, ఒక్క స్క్రూ. థింక్‌ప్యాడ్‌లో ఈ కార్డుకి వచ్చే వైర్లు ఎరుపు, నీలం. ఎరుపు మెయిన్‌కి, నీలం రెండోదానికి. బూడిద, నలుపు వైర్లు వైఫైవి, వాటి జోలికి పోవద్దు. వైరు చివర బొత్తాం ఆవగింజ కంటే కాస్త పెద్దది, అంతే. సరిగ్గా పైన నిలిపి గోటితో నిలువుగా నొక్కితే టిక్‌మంటుంది. పక్కకి తోస్తే అంచు వంగుతుంది, ఆ తర్వాత ఎంత నొక్కినా నిలవదు.

వేరే ల్యాప్‌టాప్ నుంచి తీసిన కార్డు పెడితే కొన్ని థింక్‌ప్యాడ్‌లు బూట్ కూడా అవవు. 1802 అనే నంబరుతో, అనుమతి లేని నెట్‌వర్క్ కార్డు ఉందని చెప్పి ఆగిపోతాయి. బయాస్‌లో ఉన్న జాబితాలో ఆ కార్డు లేదన్నమాట. కొనేముందు మీ మోడల్‌కి లెనోవో ఇచ్చిన ఎఫ్ఆర్‌యూ (విడిభాగం) నంబరు కార్డు స్టిక్కర్ మీద ఉందో లేదో చూసుకుంటే ఈ తిప్పలు ఉండవు.

సిమ్ విషయంలో ఒక్కటే జాగ్రత్త. మైక్రో సిమ్ స్లాట్‌లో నానో సిమ్‌ని ప్లాస్టిక్ అడాప్టర్‌తో దూరుస్తారు. తీసేటప్పుడు సిమ్ లోపలే ఉండిపోయి, ఖాళీ చట్రం లోపలి పిన్నులకు తగులుకుంటుంది. అడాప్టర్ వెనక సన్నటి టేపు అతికించండి. బ్యాంకు ఓటీపీలు వచ్చే నంబరు మాత్రం ఇందులో పెట్టకండి.

కెర్నల్‌కి కనబడుతోందా

ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టండి. లెనోవో కార్డయితే 1199:9079, సియెర్రా సొంత పేరుతో అమ్మినదయితే 1199:9071, డెల్ వాళ్ళ డీడబ్ల్యూ5811ఈ అయితే 413సీ:81బీ6 కనిపించాలి. మూడూ లోపల ఒకటే కార్డు. ఈ నంబరు రాసిపెట్టుకోండి, తాళం తీసేటప్పుడు కావాలి. ఏమీ కనిపించకపోతే బయాస్‌లో సెక్యూరిటీ, ఐఓ పోర్ట్ యాక్సెస్ కింద వైర్‌లెస్ వ్యాన్ డిజేబుల్ అయి ఉందేమో చూడండి. పాత కంపెనీ ఐటీ వాళ్ళు అక్కడ ఆపేసి ఉండొచ్చు. తర్వాత ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ చూడండి. అందులో టీపీఏసీపీఐ_డబ్ల్యూడబ్ల్యూఏఎన్_ఎస్‌డబ్ల్యూ ఎదురుగా సాఫ్ట్ బ్లాక్డ్ యెస్ అని ఉంటే ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వ్యాన్‌తో పోతుంది.

కెర్నల్ సందేశాలు చూపించే డీఎంఈఎస్‌జీ ఆదేశం కొడితే ఇలాంటి వరుస రావాలి:

సీడీసీ_ఎంబీఐఎం 1-6:1.12: సీడీసీ-డబ్ల్యూడీఎం0: యూఎస్‌బీ డబ్ల్యూడీఎం డివైస్

ఈ వరుస వచ్చిందంటే డ్రైవర్ పని అయిపోయింది. ఆదేశాలు వెళ్ళే దారి సీడీసీ-డబ్ల్యూడీఎం0. డేటా వెళ్ళే దారికి డబ్ల్యూడబ్ల్యూపీ0ఎస్20ఎఫ్0యూ6ఐ12 లాంటి పొడవాటి పేరు పడుతుంది. చూడ్డానికి చెత్తలా ఉన్నా అది చిరునామా. పీసీఐ బస్ 0, స్లాట్ 20, ఫంక్షన్ 0, యూఎస్‌బీ పోర్ట్ 6, ఇంటర్‌ఫేస్ 12. మీ మెషీన్‌లో పోర్ట్ నంబరు మారొచ్చు గానీ ఈ కార్డు ఎంబీఐఎం (కంప్యూటర్, మోడెం మాట్లాడుకునే ఒక పద్ధతి) ఇంటర్‌ఫేస్ 12లోనే ఉంటుంది.

మోడెంని నడిపించే మోడెంమేనేజర్‌తో పాటు లిబ్‌క్యూఎంఐ-యుటిల్స్, లిబ్‌ఎంబీఐఎం-యుటిల్స్ కూడా వేయండి. డెబియన్‌లోనూ ఫెడోరాలోనూ ఇవి విడి ప్యాకేజీలు. యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ అక్కర్లేదు, అది మొదట సీడీలా కనిపించే డాంగిల్స్ కోసం. ఇప్పుడు ఎంఎంసీఎల్ఐ -ఎం ఎనీ కొడితే కార్డు జాతకం మొత్తం వస్తుంది. స్టేట్ దగ్గర సిమ్-మిస్సింగ్ అని ఉంటే సిమ్ సరిగ్గా కూర్చోలేదు. లాక్డ్ అంటే పిన్ అడుగుతోంది, ఎంఎంసీఎల్ఐ -ఐ 0 --పిన్=1234 అని మీ పిన్ ఇవ్వండి. మూడుసార్లు తప్పు కొడితే పీయూకే అడుగుతుంది, గుడ్డిగా ప్రయత్నించొద్దు. డిజేబుల్డ్, పక్కనే పవర్ స్టేట్ 'లో' (తక్కువ) అని ఉంటే కార్డు నిద్రపోతోంది. ఎంఎంసీఎల్ఐ -ఎం ఎనీ -ఈ కొట్టి లేపబోతే లేవదు. సిస్టం చిట్టా అయిన జర్నల్ తెరిస్తే ఇన్‌వ్యాలిడ్ ట్రాన్సిషన్ అని ఒక్క ముక్క ఉంటుంది. ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు.

ఎఫ్‌సీసీ తాళం

అమెరికాలో ఎఫ్‌సీసీ (అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ) అనుమతి కార్డుకి విడిగా కాకుండా ల్యాప్‌టాప్, యాంటెన్నా, కార్డు మూడూ కలిపి ఇస్తారు. అనుమతి లేని మెషీన్‌లో ఆ కార్డు ప్రసారం చేయకూడదని తయారీదారు రేడియోకి తాళం వేసి పంపుతాడు. విండోస్‌లో ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ బూట్ అయిన ప్రతిసారీ నిశ్శబ్దంగా తాళం తీస్తుంది, అందుకే అక్కడ ఎవరికీ తెలియదు. మన దేశంలో వాడినా తాళం తాళమే.

మోడెంమేనేజర్ కూడా ఒకప్పుడు తనంతట తానే తీసేది. 1.18.4 నుంచి మానేసింది. తాళంచెవి పక్కన పెట్టి, కావాలంటే మీరే తీసుకోండి అంటోంది. పాత డిస్ట్రోలో పనిచేసిన మోడెం అప్‌గ్రేడ్ తర్వాత చచ్చిపోయిందనే ఫిర్యాదుల్లో చాలావాటి మూలం ఇదే. తాళంచెవులనే చిన్న స్క్రిప్టులు /యూఎస్ఆర్/షేర్/మోడెంమేనేజర్/ఎఫ్‌సీసీ-అన్‌లాక్.అవైలబుల్.డి డైరెక్టరీలో ఉంటాయి. లెనోవో కార్డుది 1199:9079. దాన్ని /ఈటీసీ/మోడెంమేనేజర్/ఎఫ్‌సీసీ-అన్‌లాక్.డి లోకి అదే పేరుతో, రూట్‌గా ఎల్ఎన్ -ఎస్ కొట్టి లింక్ చేయాలి. దారిలో మోడెంమేనేజర్ అన్నప్పుడు మాత్రం రెండు ఎంలూ పెద్ద అక్షరాలు. చిన్నవి కొడితే కొత్త డైరెక్టరీ తయారవుతుంది తప్ప ఎవరూ అందులోకి తొంగిచూడరు. ఆ పైన మోడెంమేనేజర్‌ని రీస్టార్ట్ చేయండి.

లింక్ పెట్టినా లేవకపోతే రెండు చోట్ల చూడాలి. ఆ స్క్రిప్ట్ లోపల క్యూఎంఐసీఎల్ఐని పిలుస్తుంది. లిబ్‌క్యూఎంఐ-యుటిల్స్ వేయకపోతే స్క్రిప్ట్ నడిచి, ఏమీ చేయకుండా వెనక్కొస్తుంది. రెండోది, స్క్రిప్ట్ యజమాని రూట్ కాకపోయినా, ఇతరులకు రాసే అనుమతి ఉన్నా మోడెంమేనేజర్ దాన్ని ముట్టుకోదు. హోమ్ డైరెక్టరీలో కాపీ చేసుకుని దానికి లింక్ ఇచ్చినవాళ్ళు ఇక్కడే చిక్కుకుంటారు. ఇంకో సంగతి, ఈ తాళం ఒకసారి తీస్తే శాశ్వతంగా పోయేది కాదు. కార్డుకి కరెంటు ఆగి వచ్చిన ప్రతిసారీ మళ్ళీ పడుతుంది. అందుకే చేత్తో తీసి ఊరుకోకుండా లింక్ పెట్టాలి.

ఓటర్ల జాబితా

తాళం తీశాక కూడా పవర్ 'లో' అంటుంటే ఇక ఊహలు కట్టిపెట్టి కార్డునే అడగాలి. దానికి ఏటీ ఆదేశాల పోర్ట్ కావాలి. లెనోవో కార్డులు తరచు ఎంబీఐఎం ఒక్కటే బయటికి చూపిస్తాయి, సీరియల్ పోర్ట్‌లు దాచేస్తాయి. బయటికి తేవడానికి:

క్యూఎంఐసీఎల్ఐ -పి -డి /డెవ్/సీడీసీ-డబ్ల్యూడీఎం0 --డివైస్-ఓపెన్-ఎంబీఐఎం --డీఎంఎస్-ఎస్‌డబ్ల్యూఐ-సెట్-యూఎస్‌బీ-కాంపోజిషన్=8

8 అంటే డయాగ్నస్టిక్, ఎన్ఎంఈఏ, ఏటీ పోర్ట్‌లు, వాటితో పాటు ఎంబీఐఎం. 6 పెడితే ఎంబీఐఎం బదులు క్వాల్‌కామ్ సొంత పద్ధతి క్యూఎంఐ వస్తుంది. పనిలేకుండా అటు వెళ్ళొద్దు. ఈ తరం చిప్ క్యూఎంఐలో రా-ఐపీ (ఈథర్‌నెట్ తొడుగు లేని ఐపీ ప్యాకెట్లు) మాత్రమే మాట్లాడుతుంది. ఆ సెట్టింగ్ మార్చకుండా చేత్తో కనెక్ట్ చేస్తే కనెక్టెడ్ అని చూపిస్తూ ఒక్క ప్యాకెట్ కూడా కదలదు. మెషీన్ పూర్తిగా ఆపి వెలిగిస్తే టీటీవైయూఎస్‌బీ0, 1, 2 వస్తాయి, ఏటీ పోర్ట్ 2. మోడెంమేనేజర్‌ని ఆపి, పికోకామ్ అనే సీరియల్ టెర్మినల్‌తో 115200 వేగంలో తెరవండి. ముందు ఏటీ!ఎంటర్‌సీఎన్‌డీ="ఏ710" కొడితే లోపలి ఆదేశాలకు అనుమతి వస్తుంది. ఆ తర్వాత ఏటీ!పీసీఇన్ఫో? అడగండి. జవాబులో ఈ వరుస చూడండి:

ఎల్‌పీఎం వోటర్స్ - టెంప్:0, వోల్ట్:0, యూజర్:0, డబ్ల్యూ_డిజేబుల్:0, ఐఎంస్విచ్:1, బయాస్:0

రేడియోని పడుకోబెట్టాలని ఎవరు ఓటేశారో చెప్పే జాబితా ఇది. మెజారిటీ లెక్క లేదు, ఒక్కరు 1 వేసినా రేడియో లేవదు. బయాస్:1 అంటే ఎఫ్‌సీసీ తాళం ఇంకా తీయలేదు, వెనక్కి వెళ్ళండి. యూజర్:1 అంటే ఎవరో సాఫ్ట్‌వేర్ నుంచే ఆపారు, ఏటీ+సీఎఫ్‌యూఎన్=1 కొట్టండి. డబ్ల్యూ_డిజేబుల్:1 అంటే స్లాట్‌లోని 8వ పిన్ ద్వారా ల్యాప్‌టాప్ ఆపుతోంది. ముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ కీ, ఆర్ఎఫ్‌కిల్ చూడండి. వేరే కంపెనీ బోర్డులో పెట్టడం వల్ల అలా అవుతుంటే ఏటీ!పీసీఓఎఫ్ఎఫ్ఈఎన్=2 కొడితే కార్డు ఆ పిన్‌ని పట్టించుకోవడం మానేస్తుంది. ఆ పిన్ మీద టేపు అతికించడం ఇంకో దారి, ఆదేశం ఉండగా అంత సన్నపు పని ఎందుకు? వోల్ట్:1 ఎక్కువగా చవక యూఎస్‌బీ అడాప్టర్‌లలో పెట్టినప్పుడు కనిపిస్తుంది.

పై వరుసలో ఉన్నట్టు ఐఎంస్విచ్:1 అయితే కథ వేరు. ఈ కార్డు ఒక్కో ఆపరేటర్‌కి ఒక్కో ఫర్మ్‌వేర్ మూట దాచుకుంటుంది. అమెరికా నుంచి వచ్చిన మెషీన్లు వెరిజాన్‌కో ఏటీఅండ్‌టీకో కట్టేసి ఉంటాయి. కావాల్సిన మూట ఒకటి, నడుస్తున్న మూట మరొకటి అయినప్పుడు కార్డు రేడియో ఆపేసి కూర్చుంటుంది. ఏటీ!ఐఎంప్రెఫ్? కొట్టి ఏది నడుస్తోందో, ఏటీ!ఇమేజ్? కొట్టి ఏవేవి ఉన్నాయో చూడండి. జెనరిక్ ఉంటే ఏటీ!ఐఎంప్రెఫ్="జెనరిక్" కొట్టి ఏటీ!రీసెట్. లేకపోతే క్యూఎంఐ-ఫర్మ్‌వేర్-అప్‌డేట్‌తో ఫర్మ్‌వేర్ ఎక్కించాలి. సీడబ్ల్యూఈ (ఫర్మ్‌వేర్), ఎన్‌వీయూ (ఆపరేటర్ సెట్టింగులు) ఫైళ్ళు రెండూ ఒకే వెర్షన్ జంట కావాలి. కరెంటు పోని టైము చూసుకుని, ఛార్జర్ పెట్టి, మెషీన్ నిద్రలోకి జారకుండా చేయండి.

మన దేశపు బ్యాండ్లు

ఇక్కడ దుకాణంలో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఈఎం7455 అమెరికా, యూరప్‌ల కోసం చేసిన కార్డు. అందులో 1, 3, 5, 8, 41 బ్యాండ్లు ఉన్నాయి గానీ 40 లేదు. జియో 4జీ నడిచేది 3, 5, 40 మీద. ఎయిర్‌టెల్ 1, 3, 8, 40 వాడుతుంది. కాబట్టి రెండిటికీ సిగ్నల్ దొరుకుతుంది, కానీ 2300 మెగాహెర్ట్జ్‌లో ఉన్న వెడల్పాటి 40 మన చేతికి అందదు. సాయంత్రం రద్దీలో పక్కనే ఉన్న ఫోన్ హాయిగా పరిగెడుతుంటే ల్యాప్‌టాప్ నత్తనడక నడవడానికి ఇదొక కారణం, లినక్స్ కాదు. కొత్తగా కార్డు కొనేవాళ్ళకు సలహా: ఇదే కుటుంబంలో ఆసియా కోసం చేసిన ఈఎం7430 తీసుకోండి. దానిలో 40తో పాటు 28 కూడా ఉంది, బీఎస్ఎన్ఎల్ 4జీకి ఆ 28 పనికొస్తుంది. పైన చెప్పిన ఆదేశాలు దానికీ అవే. ఎక్స్220 కాలపు 3జీ కార్డులు చవగ్గా వస్తున్నాయని మోజుపడొద్దు. జియోకి అసలు 3జీయే లేదు.

సిగ్నల్ చూడటానికి ఎంఎంసీఎల్ఐ -ఎం ఎనీ --సిగ్నల్-సెటప్=5, ఆపైన --సిగ్నల్-గెట్. ఆర్ఎస్ఆర్‌పీ (టవర్ సిగ్నల్ బలం) -85 దగ్గర ఉంటే బాగున్నట్టు, -110 దాటితే ఏదోలా నెట్టుకొస్తున్నట్టు. మేడ మీద నిలబడ్డా -115 కదలకపోతే ఎరుపు వైరు ఊడింది, మూత మళ్ళీ తీయండి.

కనెక్షన్

ఎన్ఎంసీఎల్ఐ సీ యాడ్ టైప్ జీఎస్ఎం ఐఎఫ్‌నేమ్ '*' కాన్-నేమ్ మొబైల్ ఏపీఎన్ జియోనెట్

ఏపీఎన్ అంటే ఆపరేటర్ డేటా ద్వారం పేరు, ఎయిర్‌టెల్‌కయితే ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్.కామ్, బీఎస్ఎన్ఎల్‌కి బీఎస్ఎన్ఎల్‌నెట్. ఐఎఫ్‌నేమ్ దగ్గర ఆ పొడవాటి డబ్ల్యూడబ్ల్యూపీ పేరు ఇవ్వడం మామూలుగా జరిగే పొరపాటు. నెట్‌వర్క్‌మేనేజర్ లెక్కలో డివైస్ అంటే సీడీసీ-డబ్ల్యూడీఎం0. నక్షత్రం పెడితే ఆ గొడవే ఉండదు. ఐపీవీ6ని ఆపకండి, జియో నడిచేది ఎక్కువగా దాని మీదే.

సిగ్నల్ బాగుండి కూడా రిజిస్టర్ అవకుండా సెర్చింగ్‌లోనే తిరుగుతుంటే పాత ఆపరేటర్ ఏపీఎన్ కార్డులోపల మిగిలిపోయి ఉంటుంది. ఎల్‌టీఈలో టవర్‌కి అతుక్కునేటప్పుడే ఏపీఎన్ అడుగుతారు, నెట్‌వర్క్‌మేనేజర్ వంతు ఆ తర్వాత. ఏటీ పోర్ట్‌లో ఏటీ+సీజీడీకాంట్=1,"ఐపీవీ4వీ6","జియోనెట్" కొట్టి కార్డుని రీసెట్ చేయండి.

కనెక్ట్ అయ్యాక వైఫై కూడా ఆన్‌లో ఉంటే ట్రాఫిక్ వైఫై మీదే పోతుంది. నెట్‌వర్క్‌మేనేజర్ వైఫైకి 600, మోడెంకి 700 మెట్రిక్ ఇస్తుంది, తక్కువదే గెలుస్తుంది. మోడెంని పరీక్షించాలంటే వైఫై ఆపండి, లేదా పింగ్‌కి -ఐ (పెద్ద అక్షరం) పెట్టి ఆ పొడవాటి పేరు ఇవ్వండి.

నిద్ర లేచాక

మూత మూసి తెరిచాక మోడెం మాయమైందనిపిస్తే ముందు ఎంఎంసీఎల్ఐ -ఎల్ చూడండి. అది పోలేదు, నంబరు మారింది. నిద్ర లేచినప్పుడు కార్డు యూఎస్‌బీ మీద కొత్తగా వచ్చినట్టు కనిపిస్తుంది, మోడెంమేనేజర్ 0 బదులు 1, తర్వాత 2 ఇస్తూ పోతుంది. స్క్రిప్టుల్లో 0 రాసుకున్నవాళ్ళకు అది దొరకదు. పైన మోడెం నంబరు బదులు ఎనీ అని రాసింది అందుకే. బ్యాటరీ ఆదా చేసే టీఎల్‌పీ వాడేవాళ్ళు యూఎస్‌బీ_ఎక్స్‌క్లూడ్_డబ్ల్యూడబ్ల్యూఏఎన్=1 పెట్టండి. లేకపోతే బ్యాటరీ మీద ఉన్నప్పుడు కార్డుని మధ్యలో జోకొట్టి కనెక్షన్ తెంచేస్తుంది.

టీ480 తరంలో వచ్చే ఫిబోకామ్ ఎల్850-జీఎల్‌కి పైన చెప్పినవి వర్తించవు. అది ఇంటెల్ ఎక్స్ఎంఎం7360, యూఎస్‌బీ బదులు పీసీఐ మీద కూర్చుంటుంది, చాలాకాలం కెర్నల్‌లో దానికి డ్రైవరే లేదు, 5.18లో చేరింది. అంతకంటే పాత కెర్నల్‌లో ఒక్క ఆ కార్డు విషయంలో డ్రైవర్‌ని తిట్టుకోవచ్చు. దాని తర్వాతి ఎల్860-జీఎల్‌కి ఐఓఎస్ఎం డ్రైవర్ 5.14 కెర్నల్‌లోనూ, 5జీ ఎఫ్ఎం350-జీఎల్‌కి టీ7ఎక్స్ఎక్స్ 5.19లోనూ చేరాయి.

ఓపెన్‌బీఎస్‌డీ వాడేవాళ్ళకు ఇంత తతంగం లేదు. 6.0 నుంచి యూఎంబీ అనే డ్రైవర్ ఉంది. ఈఎం7455ని గుర్తుపట్టి ఎఫ్‌సీసీ తాళం కూడా తానే తీస్తుంది. కార్డు ఎంబీఐఎంలో ఉండాలి, అంతే. ఐఎఫ్‌కాన్ఫిగ్ యూఎంబీ0 ఏపీఎన్ జియోనెట్ అప్ కొట్టి, డిఫాల్ట్ రూట్ మీరు వేసుకోవడమే. ఆ తర్వాత ఐఎఫ్‌కాన్ఫిగ్ యూఎంబీ0 చూస్తే వేగం దగ్గర పైకి 47.7, కిందికి 286 అని కనిపిస్తుంది. అది మీకు వస్తున్న వేగం కాదు. కార్డు చెప్పుకునే 50, 300 మెగాబిట్లనే 1024తో రెండుసార్లు భాగించి చూపిస్తోంది.